లేని బామ్మర్దికి పిల్లను చూశాను

మనిషి తన కొంప తానే ముంచుకోవడానికి పేకాట ఉంది, చిట్టీలున్నాయి, స్నేహితుడికి పెట్టే జామీను సంతకం ఉంది. ఇవన్నీ జనం నడిచి నడిచి నలిగిన దారులు. నేను తొక్కిన దారి మాత్రం ఇంతవరకూ ఎవరూ తొక్కి ఉండరు. కౌన్సెలింగ్‌కని వెళ్ళి, కౌన్సెలింగ్ చేసే మేడమ్‌కే పెళ్ళి సంబంధం మాట్లాడాను. అదీ ఈ భూమ్మీద లేని పెళ్ళికొడుకుతో! మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. మా ఆవిడ మీకంటే ముందే మొదలుపెట్టింది.

ముందు నా సంగతి. పేరు మల్లేశ్. అమీర్‌పేట మెట్రో మెట్ల పక్కన మొబైల్ కవర్ల దుకాణం. తొమ్మిదో తరగతిలో లెక్కల సారుకూ నాకూ అభిప్రాయభేదాలొస్తే, పోనీలే పెద్దాయన కదా అని నేనే బడి వదిలేశాను. అప్పటినుంచి నోరే నా డిగ్రీ. స్క్రీన్ పగిలి ఏడుపు మొహంతో వచ్చినవాడు కూడా నా దగ్గర నవ్వి పోవాల్సిందే. ఆ నోటితోనే దుకాణం నడిచింది. ఆ నోటితోనే సంసారం ఆగింది.

మా ఆవిడ సునీత బల్కంపేటలో జాకెట్లు కుట్టే షాపు పెట్టుకుంది. ఎంతో ముచ్చటపడి పెట్టుకుంది, నడవలేదు. ఖాళీ చేసే రోజు షట్టర్ సగం దించి, మిషన్ మీద చెయ్యి వేసి ఏడుస్తోంది. అప్పుడు మొగుడనేవాడు ఏం చేయాలి? మీకు తెలుసు. నాకు తెలియదు. మెట్రో రైల్లో స్టేషన్లు చెప్పే ఆవిడ గొంతు పెట్టి, "తదుపరి స్టేషన్ ఏడుపుపేట. తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి" అన్నాను.

తలుపులు నిజంగానే తెరుచుకున్నాయి. సునీత బ్యాగు సర్దుకుని బోరబండలో వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళిపోయింది.

"రేపు నేను సస్తే నా పాడె కాడ సుత జోకులేస్తవ్ నువ్వు," అంది ఫోన్లో. "పంజాగుట్టల కౌన్సెలింగ్ జేస్తరంట, పోయి చూపించుకో. మనిషివైనంక ఫోన్ చెయ్, వస్త. లేకుంటే నేను ఈడనే ఉంట."

తమాషాకి అందేమో అనుకుందామంటే, ఆవిడకు తమాషాలు రావు.

పోయాను. పంజాగుట్టలో కళ్ళద్దాల షాపు పైన రెండో అంతస్తు. ఎస్తేర్ మేడమ్ అని, ముప్ఫై దాటిన మనిషి. మొదట్లోనే ఒక మాట చెప్పింది. "ఇక్కడ మీరు చెప్పేది నా నోటినుంచి బయటికి పోదు. అసలు మీరు నా దగ్గరికి వస్తున్నారన్న సంగతి మా అమ్మకి కూడా చెప్పను. ఇక చెప్పండి మల్లేశ్ గారూ."

అని ఊరుకుంది. మామూలుగా ఊరుకోవడం కాదు. బంద్ రోజు అమీర్‌పేట చౌరస్తా ఎలా ఉంటుందో అలా ఊరుకుంది.

నేను జోకు వేశాను. నవ్వలేదు. ఇంకోటి వేశాను. ఆవిడ నా వంక శ్రద్ధగా చూసింది. ఇన్నేళ్ళ నా వ్యాపారంలో నన్ను శ్రద్ధగా చూసి నవ్వనిది ఆవిడొక్కతే, ఒక ట్రాఫిక్ ఎస్సై తప్పిస్తే.

"మేడమ్, నేనేం జెయ్యాల్నో చెప్పుండ్రి. జేసి పోత."

"నేను సలహాలివ్వను. వింటాను. అర్థం కాకపోతే అడుగుతాను."

"మరి గోళీలు గిట్ల?"

"ఇవ్వను."

"సూదన్న వేస్తరా?"

"మీ ఆవిడ ఏడుస్తుంటే మీకేమవుతుంది?"

"నాకేమైతది మేడమ్? అంగీ తడుస్తది."

మళ్ళీ బంద్. ఆవిడ నా జవాబు కోసం ఆగింది. జవాబు చెప్పేశాను కదా అని నేను ఆగాను. ఇద్దరం అలా ఆగి ఆగి ఉండగానే టైమైపోయింది.

కిందికి దిగేసరికి ఒళ్ళు మండిపోతోంది. పానీపూరీవాడు కూడా చివర్లో ఒకటి ఊరికే ఇస్తాడు. ఈవిడ ఒక్క సలహా విదల్చలేదు! అసలెవరీవిడ? ఏం చదివింది? ఇంతమంది ఏడుపులు వినే ఈ పనిలోకి ఎందుకొచ్చింది? ముక్కూమొహం తెలియని మనిషికి నా ఇంటి గుట్టు ఎలా విప్పను? న్యాయమే కదా, మీరే చెప్పండి.

ఇక్కడ ఒక సంగతి విన్నవించుకోవాలి. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళలో ఉండే సాఫ్ట్‌వేర్ పిల్లలకి సంబంధాలొస్తే, ఆడపిల్ల తరఫువాళ్ళు హాస్టల్ ఓనర్‌ని అడగరు, కంపెనీలో అడగరు. నా దుకాణానికొచ్చి అక్కర్లేని కవరొకటి కొని, గొంతు తగ్గించి, "అన్నా, గా మూడో ఫ్లోర్ పిలగాడు ఎసువంటోడు?" అంటారు. ఏ ఊరు, ఇంట్లో ఎవరెవరు, కోపముందా, అలవాట్లున్నాయా? ఈ ప్రశ్నలన్నీ నాకు నోటికొచ్చు. మనిషి గురించి వాకబు చేయడానికి ఇంకో పద్ధతి ఉందని నాకెవరూ చెప్పలేదు.

కాబట్టి కింద కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్ యూసుఫ్ భాయ్‌ని, నా దగ్గర కవర్లు కొనే పాత పరిచయమే, అవే అడిగాను.

"భాయ్, పైన మేడమ్ ఎసువంటిది? ఏ ఊరోళ్ళు? ఇంట్ల ఎవరెవరున్నరు? కోపం గిట్ల వస్తదా?"

యూసుఫ్ భాయ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. రంజాన్ నెలవంక కనబడ్డట్టు మొహం వెలిగిపోయింది.

"అరె మల్లేశ్ భాయ్, గిది ముందుగాల చెప్పొద్దా! మేడమ్ హీరా హై, హీరా! ఎర్రమంజిల్‌ల అమ్మ, మేడమ్, ఇద్దరే ఉంటరు. గా అమ్మకు బిడ్డ ఫికరే రాత్రిపగలు. నేను మాట్లాడ్త ఠైరో."

"నువ్వేం మాట్లాడ్తవ్ భాయ్, నేను ఊకెనే అడిగిన..."

"సమఝ్ గయా. గిసువంటియి బయటికి చెప్పొద్దు. నీ నంబర్ ఉన్నది తియ్ నా దగ్గర."

ఆయనకేం సమఝైందో నాకు ఆ రోజు అర్థం కాలేదు. మర్నాడు ఫోనొచ్చింది.

"మల్లేశ్ గారాండీ? నేను ఎస్తేరు వాళ్ళమ్మనండీ, రత్నమ్మని. యూసుఫ్ చెప్పాడు. ఆదివారం చర్చి అయ్యాక అమ్మాయి సండేస్కూలు పిల్లలతో ఉండిపోతుంది. ఆ టైముకి మీరు రండి. అమ్మాయి ఏం చదివింది, ముందు ఏం చేసేది, అది మానేసి ఇందులోకి ఎందుకొచ్చింది, ఏదీ దాచకుండా చెబుతాను. తర్వాత ఒక మాట రాకూడదు కదండీ."

ఇక్కడే ఆగి, "అమ్మా, మీరు పొరబడ్డరు" అని ఒక్క ముక్క అంటే ఈ కథ లేదు. కానీ నేను తెలుసుకోవాలనుకున్నవన్నీ పళ్ళెంలో పెట్టి ఇస్తానంటోంది ఆ తల్లి! "వస్తనమ్మా" అనేసింది నా నోరు. పైగా పెద్దవాళ్ళింటికి వట్టి చేతులతో ఏం పోతామని యాపిల్స్ కూడా కొన్నాను. కొన్నప్పుడైనా బుద్ధి రావద్దా? యాపిల్స్ పట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆడపిల్ల ఉన్న ఇంటికి ఆదివారం పూట పోయేవాణ్ణి జనం ఏమనుకుంటారు, కరెంటు బిల్లు కొట్టేవాడనా?

రత్నమ్మ గారు టీ ఇచ్చారు. గులాబీ పువ్వులు పళ్ళెం నిండా పోసి పెట్టారు. అదే, అచ్చు పిండిలో ముంచి నూనెలో వేస్తారే, నోట్లో పెట్టుకుంటే కరకరలాడతాయి, అవి. అడగకుండానే మొదలుపెట్టారు.

"మీ అమీర్‌పేటలోనేనండీ, ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ కోర్సులు చెప్పేది. మంచి పేరు. పిల్లలు క్లాసయ్యాక కూడా దీని చుట్టూ తిరిగేవాళ్ళు. ఒకమ్మాయి రోజూ చివరిదాకా ఆగేదట, ఏదో చెప్పాలని. ఇదేమో, 'ధైర్యంగా ఉండు, ఉద్యోగం వస్తుంది, ఇంకాస్త ప్రాక్టీస్ చెయ్యి' అనేసి బ్యాగు సర్దుకునేది. ఒక రోజు ఆ పిల్ల హాస్టల్ ఖాళీ చేసి వెళ్ళిపోయింది. తర్వాత తెలిసిందేంటంటే, ఆ పిల్లకి ఉద్యోగం అప్పటికే వచ్చిందండీ."

"మరి ఏం చెప్పాలనుకున్నదమ్మా?"

"అదే తెలీదు. ఇప్పటికీ తెలీదు. 'నోరు మూసుకుని ఒక్క నిమిషం వింటే తెలిసేదమ్మా' అని ఎన్నిసార్లు అందో. ఆ ఉద్యోగం మానేసి, మళ్ళీ కాలేజీలో చేరి, ఈ చదువు చదివింది."

నా నోట్లో గులాబీ పువ్వు ఉంది. నమలబుద్ధి కాలేదు. నమిలితే చప్పుడవుతుంది.

"ఇంతకీ అబ్బాయి మీకేమవుతాడు?" అన్నారు రత్నమ్మ గారు.

చూశారా, నిజం చెప్పడానికి ఇంకో అవకాశం! దాన్ని కూడా జారవిడిచాను.

"బామ్మర్దమ్మా."

"పేరు?"

గోడ మీద క్యాలెండర్ వంక చూశాను. అడుగున అచ్చువేసినవాడి పేరుంది. "శామ్యూల్."

"దేవుడి దయ! గుణం ఎలాంటిదండీ?"

ఇక్కడ మాత్రం నేను క్యాలెండర్ వంక చూడలేదు. ఎక్కడినుంచి వచ్చిందో వచ్చింది. "మాట తక్కువమ్మా. ఇంట్ల ఎవరన్న ఏడిస్తే నోరు తెరువడు. పక్కన కూసుంటడు. చెయ్యి పట్టుకుంటడు. ఏడుపు అయిపోయేదాంక గట్లనే కూసుంటడు."

రత్నమ్మ గారు కొంగుతో కళ్ళద్దుకున్నారు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. సండేస్కూలు ఆ రోజు తొందరగా అయిపోయిందట. నా జాతకం చూడండి.

"రావే! వీరు మల్లేశ్ గారు. అబ్బాయికి బావగారు. యాపిల్స్ తెచ్చారు."

ఎస్తేర్ మేడమ్ నన్ను చూసింది. యాపిల్స్‌ని చూసింది. మళ్ళీ నన్ను చూసింది. నోరు మెదపలేదు. ఈయన నా దగ్గరికి కౌన్సెలింగ్‌కి వస్తాడని ఒక్క మాటంటే అయిపోయేది. కానీ అమ్మకి కూడా చెప్పనని మాటిచ్చింది కదా. మాట మీద అంత గట్టిగా నిలబడే మనిషిని నేనెక్కడా చూడలేదు. నా ఖర్మకి అప్పుడే చూడాల్సొచ్చింది.

"చూశారా!" అన్నారు రత్నమ్మ గారు సంబరంగా. "సంబంధమంటే చాలు విసురుగా లేచి వెళ్ళిపోయేది. ఇవాళ కిక్కురుమనలేదు! ఇష్టమేనండీ!"

మనవైపు పెళ్ళిచూపుల్లో ఆడపిల్ల మౌనానికి ఒకటే అర్థం. రత్నమ్మ గారి తప్పేం లేదు.

అప్పుడు నా ఫోను మోగింది. సునీత. నేను కట్ చేసేలోపే రత్నమ్మ గారు, "ఇంటావిడేనా? ఇటివ్వండి, ఆడవాళ్ళం ఆడవాళ్ళం మాట్లాడుకుంటాం" అని లాక్కుని స్పీకర్ పెట్టేశారు.

"అమ్మా, మేం ఎర్రమంజిల్ నుంచి. మీ తమ్ముడి సంబంధం విషయమై మీ వారు మా ఇంట్లోనే ఉన్నారు."

"తమ్ముడా? నాకు తమ్ముడెక్కడున్నడమ్మా? అక్కా నేను ఇద్దరమే." అంది సునీత. "ఏం జెప్పిండు మా తమ్ముని గురించి?"

పాపం రత్నమ్మ గారు అయోమయంలోనే అంతా అప్పజెప్పారు. మాట తక్కువ, పక్కన కూర్చుంటాడు, చెయ్యి పట్టుకుంటాడు.

"గసువంటోడుంటే మీ బిడ్డ దాంక ఎందుకమ్మా, నేనే జేస్కుంటుంటి," అంది సునీత. "యాడ దొరుకుతడో జర అడుగుండ్రి."

"మేడమ్, మీరన్న చెప్పుండ్రి," అన్నాను ఏడుపు గొంతుతో. మేడమ్ ఎదురు కుర్చీలో కూర్చుంది. అదే చూపు. అదే బంద్. ఇక ఆ గదిలో నోరున్నది నాకొక్కడికే.

"అమ్మా, నేను సంబంధానికి రాలె. మేడమ్ దగ్గర కౌన్సెలింగ్‌కు వస్తున్న. మేడమ్ ఎట్లాంటిదో తెలుసుకుందామని అడిగిన. అంతే. బామ్మర్ది లేడు."

"మరి యాపిల్స్ ఎందుకు తెచ్చారు?" అన్నారావిడ చిన్నగా.

నేను తల దించి యాపిల్స్ వంక చూశాను. అలవాటు ప్రకారం ఒక జోకు గొంతుదాకా వచ్చింది. తలెత్తి చూస్తే మేడమ్ ఇంకా ఆగే ఉంది, మొన్నటి ప్రశ్నకి జవాబు కోసం.

"ఆమె ఏడుస్తుంటే నాకు భయమైతది మేడమ్," అన్నాను. "ఏం జెయ్యాల్నో తెల్వదు. నోరు దానంతటదే నడుస్తది."

బల్ల మీద ఫోన్ ఇంకా నడుస్తూనే ఉందని ఎవరికీ గుర్తులేదు. అందులోంచి ముక్కు చీదిన చప్పుడొచ్చింది.

"గీ ముక్క గా దినం షట్టర్ కాడ చెప్తే నీ సొమ్మేం పోతుండె?" అంది సునీత.

గేటు దాకా మేడమ్ వచ్చింది. "ఇక మీకు నేను కౌన్సెలింగ్ చేయకూడదు మల్లేశ్ గారూ. మా ఇంట్లో కూర్చుని నా పెళ్ళి మాట్లాడారు. ఇంకొక సార్ దగ్గరికి పంపిస్తాను. మీ ఆవిడతో కలిసి వెళ్ళండి."

"మాఫ్ చెయ్యుండ్రి మేడమ్. అమ్మకు..."

"అమ్మతో నేను మాట్లాడతాను." తలుపు వెయ్యబోతూ ఆగింది. "శామ్యూల్ గారిని అడిగానని చెప్పండి."

నవ్వింది! నా జోకులన్నింటికీ నవ్వని మనిషి తను ఒక్కటే జోకు వేసి, తనే నవ్వుకుంది. ఎంత అన్యాయమో చూడండి.

తర్వాతి వారం సునీతా నేనూ కలిసి కొత్త సారు దగ్గరికి వెళ్ళాం. ఆయన మర్యాదగా, "మీ వారిలో ఏం మార్పు రావాలనుకుంటున్నారమ్మా?" అనడిగాడు.

"మా తమ్మునిలెక్క జెయ్యుండ్రి సార్," అంది సునీత తడుముకోకుండా.

"ఓహో, మీ తమ్ముడు ఏం చేస్తుంటారు?"

"పుట్టలేదు సార్," అన్నాం ఇద్దరం ఒకేసారి. అన్నాక ఇద్దరం ఎంత నవ్వామంటే, ఆ సారు మంచినీళ్ళ గ్లాసు మా వైపు జరిపాడు.

కనుక, సునీత ఇంటికి తిరిగొచ్చి మొన్న మళ్ళీ తొక్కడం మొదలుపెట్టిన జాకెట్ల మిషన్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికున్నంతకాలం ఇంకే మనిషి ఊరూ పేరూ గుణగణాలూ వాకబు చేయను. హాస్టల్ పిల్లల గురించి ఎవరొచ్చి అడిగినా కవరమ్మి పంపేస్తాను. జ్వరమొచ్చి ఆసుపత్రిలో పడ్డా డాక్టరు ఏం చదివాడని అడగను. ఎవరింటికైనా పోవాల్సొస్తే అరటిపళ్ళే తీసుకెళ్తాను. యాపిల్ జోలికి మాత్రం పోను.