సింగపూర్ కాకి, అమలాపురం ముద్ద

దెయ్యాలూ భూతాలూ ఉన్నాయంటే నేను నమ్మను. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఎవరైనా వచ్చి "ఇందాక ఇలా అయింది, ఇప్పుడు అవడం లేదు" అంటే, మళ్లీ చేసి చూపించమంటాను. చూపించలేకపోతే ఆ ఫిర్యాదు మూసేస్తాను. ఇంజనీరింగ్ హాస్టల్లో మూడో అంతస్తు బాత్రూంలో దెయ్యం ఉందని అందరూ కింద క్యూ కడుతుంటే, నేనొక్కణ్నే నాలుగేళ్లపాటు ఆ బాత్రూంలో హాయిగా స్నానం చేశాను. అలాంటివాడికి జరిగింది ఇది.

కంపెనీలు మనుషుల్ని వారం నోటీసుతో విదేశాలకి తోలేస్తున్న రోజులవి. నన్ను మెల్‌బోర్న్ పంపారు. దారిలో సింగపూర్లో పన్నెండు గంటల ఆగుడు. ఉదయం ఏడింటికి దిగి, రాత్రి విమానానికి సాయంత్రం ఐదున్నరకల్లా తిరిగి రావాలి. నా క్లాస్‌మేట్ మూర్తి అప్పటికే అక్కడ ఆంగ్ మో కియో అనే పేటలో ఉద్యోగం చేస్తున్నాడు. తక్కువ ఖర్చులో ఊరు ఎలా చూడాలో, ఎక్కడ ఏం తినాలో, ఏ రైలు ఎక్కాలో అంతా మెయిల్లో రాసి పంపాడు. నేను ప్రింటు తీసి జేబులో పెట్టుకున్నాను.

అంతా బాగానే ఉంది గానీ ఆ రోజు మా నాన్న తద్దినం.

నాన్న అమలాపురంలో జూనియర్ కాలేజీ ల్యాబ్ అటెండరు. పోయి అప్పటికి రెండేళ్లు. పదోరోజు గోదావరి గట్టున పిండం పెడితే కాకి ముట్టలేదు. వచ్చింది, చూసింది, పక్కన కూచుంది. పోయినవాళ్లకి ఏదో కోరిక మిగిలిందని అందరికీ అర్థమైంది. ఇక చుట్టాలంతా దండం పెట్టి తలో మాటా ఇవ్వడం మొదలెట్టారు. "కొడుకు పెళ్లి మేం చేస్తాం" అంది అత్తయ్య. "శీనుగాడికి మంచి ఉద్యోగం చూస్తాం" అన్నాడు మావయ్య నన్ను చూపించి, తనకే ఉద్యోగం లేకపోయినా. ఎండ నెత్తి మీదికొచ్చేసరికి మా బాబాయి తట్టుకోలేక, "అన్నయ్యా, నీ సైకిలు పోలేదు, నేనే పట్టుకుపోయాను, తిరిగిచ్చేస్తాను" అని అందరి ముందూ ఒప్పేసుకున్నాడు. సైకిలు వచ్చింది. కాకి మాత్రం ముట్టలేదు. చివరికి పిండాలు గోదావరిలో కలిపాం. మొదటి ఏడూ అంతే.

చుట్టాలకి అది చెప్పుకుని నవ్వుకునే కథ అయింది. అమ్మకి కాలేదు. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేది. "ఆయనకి ఏం తక్కువ చేశాన్రా?" అనేది. నాకు నమ్మకం లేదని ఎంత చెప్పుకున్నా, ఆ మాట విన్నప్పటి బాధ తగ్గలేదు.

నేను బయల్దేరే ముందు పురోహితుడు గారు వెసులుబాటు ఇచ్చారు. తిరిగొచ్చాక తద్దినం పెట్టుకోవచ్చు, కానీ ఆ తిథినాడు కాకికి ముద్ద పెట్టకుండా తినకూడదు అన్నారు. కాఫీ తాగొచ్చు. అమ్మ గుమ్మం దాకా వచ్చి, "అక్కడ కాకులుంటాయంటావా?" అని అడిగింది. మూర్తికి మెయిల్ పెడితే, "అవే ఎక్కువ" అని జవాబిచ్చాడు.

విమానంలో టిఫిను వద్దన్నాను. దిగి రైలెక్కి, మూర్తి రాసినట్టే పాయా లేబర్‌లో దిగాను. దగ్గర్లో హాకర్ సెంటర్ ఉంది. పెద్ద కప్పు కింద వరసగా చిన్న చిన్న వంట దుకాణాలు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. ఒక చైనా శాకాహారం దుకాణంలో అన్నం, క్యాబేజీ కూర తీసుకున్నాను. అద్దం వెనక కోడికాళ్లు కనిపించి గుండె ఆగినంత పనైంది. అవి సోయాతో చేసినవని దుకాణం ఆవిడ నవ్వింది. శాకాహారి కోడికి కాళ్లెందుకో నాకు ఇప్పటికీ తెలీదు.

ఒక బల్ల దగ్గర ఎవరూ లేరు, దాని మీద చిన్న టిష్యూ ప్యాకెట్ మాత్రం ఉంది. హోటలు వాళ్లు పెట్టారనుకుని ఒకటి తీసి చెయ్యి తుడుచుకున్నాను. నూడుల్స్ గిన్నెతో ఆఫీసు బట్టల్లో ఒకమ్మాయి వచ్చి, "హలో, ఐ చోప్ ఆల్రెడీ లే!" అని ఆ ప్యాకెట్ లాక్కుంది. ఏం నేరం చేశానో అర్థం కాక లేచి నిలబడ్డాను.

ప్లేటు పట్టుకుని బయట చెట్టు కిందికి వెళ్లి, అన్నంలో ఆ కూర కలిపి, ముద్ద చేసి కాగితం మీద పెట్టాను. రెండు నిమిషాల్లో ఒక కాకి దిగింది. దాన్ని బాగా గుర్తుపెట్టుకున్నాను. ఎడమకాలికి ముందువేలు ఒకటి లేదు, కుడి రెక్కలో ఒక తెల్ల ఈక ఉంది. మా నాన్నకి వేళ్లన్నీ ఉండేవి, ముందే చెబుతున్నాను.

కాకి ముద్ద చూసింది, నన్ను చూసింది. ముట్టలేదు.

పరాయి దేశంలో, బ్యాగు తగిలించుకుని, కాకికి దండం పెట్టి నేనూ మాటలివ్వడం మొదలెట్టాను. నీ స్కూటర్ అమ్మెయ్యను. అమ్మకి కంటి ఆపరేషన్ చేయిస్తాను. అత్తయ్య చూసిన సంబంధానికి ఒప్పుకుంటాను. చివరిది నోరుజారి వచ్చింది, వెంటనే "ఆలోచిస్తాను" అని దిద్దుకున్నాను. కాకి ఎగిరిపోయింది. ముద్ద కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేశాను. మిగతా అన్నం ముట్టకుండా ప్లేటు తిరిగిచ్చేశాను.

బస్సెక్కాను. రెండంతస్తుల బస్సులో పైన, ముందు సీటు దొరికింది. నాన్నకి ముందు సీటంటే ప్రాణం. కోచింగ్‌కని నన్ను విజయవాడ తీసుకెళ్లినప్పుడు ముందు సీటు కోసం రెండు బస్సులు వదిలేశాడు. బస్టాండు హోటల్లో మాత్రం ఒక్క ప్లేటే చెప్పేవాడు. నాలుగిడ్లీ, ఇద్దరికీ సగం సగం. సర్వరు విసుక్కున్నా, ఎక్స్‌ట్రా సాంబారు మాత్రం సిగ్గుపడకుండా అడిగేవాడు.

ఆంగ్ మో కియోలో మూర్తి లంచ్ టైంలో వచ్చాడు. ముందు ఆ టిష్యూ సంగతి అడిగాను. పడీ పడీ నవ్వాడు.

"ఒరేయ్ శీనూ, దాన్ని చోప్ చెయ్యడం అంటార్రా. మన బస్సుల్లో కిటికీలోంచి తువ్వాలు వెయ్యమూ? అదే. ఇక్కడ టిష్యూ పెడితే ఆ సీటు నీది. మినిస్టరొచ్చినా కూచోడు" అని తన ప్యాకెట్ నా జేబులో కుక్కాడు.

ఇళ్ల బ్లాకుల మధ్య నడుస్తుంటే గడ్డి అంచున అగరొత్తులు, నారింజలు, అన్నం గిన్నెలు కనిపించాయి. అది చైనావాళ్ల ఏడో నెల అనీ, పోయిన పెద్దలకి పెట్టుకుంటారనీ మూర్తి చెప్పాడు. కాకులు గుంపుగా వాలి ఎవరి తాతల అన్నమో ఆవురావురుమంటూ తింటున్నాయి. గుంపుకి దూరంగా, కమ్మీ మీద, ఒక కాకి ఒంటరిగా కూచుని నన్ను చూస్తోంది. తెల్ల ఈక. వేలు లేని కాలు.

"అదేరా! పొద్దున పాయా లేబర్‌లో చూసింది అదే" అన్నాను.

"నీ మొహం. అది అక్కణ్నుంచి ఇక్కడికి ఏ బస్సెక్కి వచ్చిందిరా? ఇదిగో, పిట్టలకి మేత వేస్తే ఫైన్ వేస్తారు. ఇక్కడే ఉండిపోవడానికి పెట్టిన నా పీఆర్ అప్లికేషన్ ప్రాసెస్‌లో ఉంది, నన్ను ఇరికించకు బాబూ" అన్నాడు.

అలా అంటూనే తను కొన్న అన్నం నా చేతికిచ్చి, అటూ ఇటూ చూస్తూ కాపలా కాశాడు. కాకి కిందికి దిగి, ముద్ద దాకా వచ్చి, ఆగింది. ఈసారి మాటలివ్వడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. మూర్తి కూడా ఉండబట్టలేక, "అంకుల్, వీణ్ని బాగా చూసుకుంటాం, తినెయ్యండి" అన్నాడు. కాకి మెడ తిప్పుకుంది.

మూర్తి ఆఫీసుకి వెళ్లిపోతూ చివరి చిట్కా చెప్పాడు. సముద్రం ఒడ్డున చాంగి విలేజ్ అని ఉంది, తిండి చవక, విమానాశ్రయం దగ్గర, బస్సులోనే పోవచ్చు. అక్కడికి చేరేసరికి మూడున్నర. కళ్ల ముందు నల్ల చుక్కలు తిరుగుతున్నాయి. హాకర్ సెంటర్లో బల్లలన్నీ నిండిపోయాయి. చివర ఇద్దరు కూచునే బల్ల ఒకటి దొరికితే, నేర్చుకున్న విద్య చూపించి టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్లి, ఒక ప్లేటు అన్నం, పప్పు తెచ్చుకున్నాను. కంగారులో ప్యాకెట్ ఎదుటి సీటు వైపు పెట్టినట్టున్నాను. జనం వస్తున్నారు, దాన్ని చూస్తున్నారు, పక్కకి పోతున్నారు. ఎవరూ నా ఎదుట కూచోలేదు.

బల్లలు తుడిచే చైనా ముసలాయన ఆగి అడిగాడు. "యువర్ ఫ్రెండ్ కమింగ్ ఆ?"

"ఫాదర్" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది. ఆయన తలూపి వెళ్లిపోయాడు.

ముద్ద చేసి ప్లేటు అంచున పెట్టాను. కాకి పక్క గోడ మీద ఉంది. ఎప్పుడొచ్చిందో చూడలేదు. తెల్ల ఈక, వేలు లేని కాలు, అదే చూపు. పావుగంట గడిచింది. నాలుగు దాటింది. ఇంకో గంటలో నేను వెళ్లిపోవాలి. అమ్మకి ఫోన్ చేసి మూడోసారి కూడా ముట్టలేదని చెప్పాలి. ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది.

"నాన్నా, ఇంక నావల్ల కాదు. కళ్లు తిరుగుతున్నాయి" అన్నాను. ప్లేటులో చెయ్యి పెట్టి, ఇంత ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. తప్పని తెలుసు. మింగేశాను.

రెక్కల చప్పుడైంది. కాకి వచ్చి బల్ల మీద, ఎదుటి సీటు వైపు, టిష్యూ ప్యాకెట్ పక్కన వాలింది. ప్లేటు అంచున నేను పెట్టిన ముద్దలో ముక్కు పెట్టింది. తిన్నది. ఆత్రంగా కాదు, నింపాదిగా.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. బస్టాండు హోటల్లో ఆ నాలుగిడ్లీ ప్లేటు. నేను మొదటి ముక్క నోట్లో పెట్టుకునేదాకా ఆయన చెయ్యి ప్లేటు మీదికి వచ్చేది కాదు. "నువ్వు తిను, నాకు అంత ఆకల్లేదు" అని కిటికీలోంచి బస్సులు చూసేవాడు. ఇంట్లోనూ అంతే, నేను తినకుండా ఆయన ఒక్కరోజు కూడా తినలేదు. మేమంతా ఉపవాసాలుండి, దండాలు పెట్టి, ఆయన్ని ముందు తినమని రెండేళ్లు బతిమాలాం.

ముసలాయన గుడ్డ ఝాడిస్తూ కాకిని తోలడానికి వచ్చాడు. కాకిని చూశాడు, టిష్యూ ప్యాకెట్ని చూశాడు, సగం సగంగా ఉన్న ప్లేటు చూశాడు, నా మొహం చూశాడు. గుడ్డ భుజాన వేసుకున్నాడు.

"ఓకే, ఓకే. హీ చోప్ ఆల్రెడీ" అని మెల్లగా వెనక్కి నడిచాడు.

విమానాశ్రయం నుంచి కార్డు ఫోన్లో అమ్మకి చెప్పాను. "నిజంగా ముట్టిందా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత, "ఏం మాటిచ్చావురా?" అంది. "ఏమీ ఇవ్వలేదమ్మా. ఆకలేసిందేమో" అన్నాను. ముందు నేను తిన్నానని చెప్పే ధైర్యం లేదు.

మరుసటేడు అమలాపురంలో, పొద్దున్నే పెరట్లో నూతి వెనక నక్కి దొంగచాటుగా ఒక ఇడ్లీ తిన్నాను. ఆ రోజు విస్తరి గోడ మీద పెట్టీ పెట్టగానే కాకి వాలింది. ఆ తర్వాతేడు, పరీక్ష కోసం, తినకుండా చూశాను. రాలేదు. నూతి వెనక్కి వెళ్లి తిని వచ్చాను, వచ్చింది. మామూలు కాకే, తెల్ల ఈక లేదు. మళ్లీ చేసి చూపించగలను కాబట్టి నా లెక్కలో ఈ ఫిర్యాదు మూయడానికి లేదు. కారణం అన్నచోట మాత్రం ఇన్నేళ్లయినా ఏమీ రాయలేకపోతున్నాను. సింగపూర్ కాకి మూడుచోట్లకి ఎలా వచ్చిందో అంతకన్నా తెలీదు.

ఆ తర్వాతి తద్దినానికి నేను నూతి వైపు నడుస్తుంటే, మడిబట్టతో ఉన్న అమ్మ వంటింట్లోంచి పిలిచింది. ఎప్పుడూ నేను ఆమెకి చెప్పలేదు, మూర్తీ చెప్పలేదు. ఆమె చేతిలో ఒక ప్లేటు ఉంది. అందులో నాలుగిడ్లీ.

"అక్కడెందుకురా దొంగలా, ఇక్కడే కూచుని తిను" అంది. "పాపం, ఆయన ఎంతసేపని చూస్తాడు?"