ముతక బియ్యం మీద వేసిన జోకు

బైబిలు కాలేజీ నుంచి నేను బయటికొచ్చిన ఏడు, నాకు తెలియని సంగతి దేవుడికి కూడా తెలియదని నా గట్టి నమ్మకం. అరవైల చివరి మాట. గ్రీకు అక్షరాలు నిద్రలో వల్లించేవాణ్ణి. ప్రసంగాల పోటీలో నాకిచ్చిన కప్పులో ఓ మోస్తరు మనిషిని నిలువునా ముంచి బాప్తిస్మం ఇవ్వొచ్చు. నిజం చెప్పాలంటే అందులో రెండు గుక్కల టీ పట్టేది.

నెల్లిమర్ల దగ్గర ఒక పాకగుడికి నన్ను పాస్టరుగా వేశారు. సంఘంలో చాలామంది జూట్ మిల్లు పనివాళ్ళు. ఆడవాళ్ళు ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడి పేరున ఒక గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టి, ఆదివారం గుడికి తెచ్చి గంపలో పోసేవారు. అదే నా వారం గ్రాసం. నలభై ఇళ్ళ బియ్యం ఒకే కుండలో ఉడికితే సగం గంజి, సగం గింజలు. అందులో ఒకరి బియ్యం మాత్రం ఎర్రగా, ముతగ్గా, నిండా రాళ్ళతో ఉండేది. ఒక మధ్యాహ్నం నా దవడలో భూకంపం వచ్చింది. ఉన్న ముప్ఫై రెండు పళ్ళల్లో నలభై దాకా కదిలాయి.

ఆ ఆదివారం మూడు భాగాల ప్రసంగంలో రెండోది నడుస్తుంటే జనం కునుకుతున్నారు. కునుకు పడితే ఒక ఉదాహరణ వదలమని కాలేజీలో నేర్పారు. వదిలాను. “ఈ గంపలో ఒకరి బియ్యంలోంచి రాళ్ళు ఏరితే మన గుడికి నాలుగు వైపులా గోడ లేచిపోతుంది” అన్నాను. గుడంతా గొల్లున నవ్వింది. నేను మురిసిపోయాను.

ముతక బియ్యం తెచ్చేది ఒక్క ఆవిడేనని నాకు తప్ప అందరికీ తెలుసు. భర్త పోయిన పెద్దావిడ. మిల్లు పని మానేసిన నాటికే చూపు పోయింది.

తర్వాతి ఆదివారం ఆవిడ రాలేదు. బియ్యం వచ్చింది, పొరుగావిడ చేతిలో. ఒక్క రాయి లేదు. ఎండలో చేట ముందేసుకుని గింజా గింజా వేళ్ళతో తడిమి ఏరుతోందని పొరుగావిడ చెప్పింది. మనసులో నొప్పి పెట్టుకుని ప్రభువు బల్ల, అంటే క్రీస్తు జ్ఞాపకంగా పంచే రొట్టె, ద్రాక్షరసం ముట్టకూడదని మా సంఘాల్లో పట్టింపు. అందుకని వచ్చే ఆదివారం రొట్టె తీసుకోడానికి రానందట. పెళ్ళయి వచ్చింది మొదలు ఆవిడ ఒక్క బల్లా తప్పలేదట.

ఆ అన్నం నాకు దిగలేదు. కాలేజీ నోట్సులన్నీ తిరగేశాను. అలిగిన విశ్వాసిని సముదాయించడానికి అయిదు మార్గాలున్నాయి. పాస్టరే తప్పు చేస్తే ఒక్కటీ లేదు. అప్పుడు మా ప్రిన్సిపాలుగారు గుర్తొచ్చారు. ఓసారి కూరలో ఉప్పెక్కువైందని వంటమనిషిని కేకలేసి, ఆ సాయంత్రమే మేమంతా పంక్తిలో కూర్చుని ఉండగా వంటింటి గుమ్మం దగ్గరికెళ్ళి, చేతులు కట్టుకుని క్షమించమన్నారు. మేం దాన్ని పాఠం అనుకోలేదు. ఎవరమూ నోట్సు రాసుకోలేదు.

శనివారం ఆవిడ ఇంటికి వెళ్ళాను. క్షమాపణ కూడా మూడు భాగాలుగా తయారుచేసుకున్నాను. గుమ్మంలో ఆవిడ వేళ్ళు చేటలో కదులుతుంటే చూసి, “తప్పు నాదమ్మా” అన్నది ఒక్కటే బయటికొచ్చింది.

ఆవిడ వేళ్ళు ఆగలేదు. “నవ్వించడం తప్పేటి కాదు అయ్యగోరూ. మా ఆయనున్నప్పుడు నానూ శానా నవ్వీదాన్ని. కానీ ఆ రోజు ఎవులెవులు నవ్వినారో నాకు అగుపడ్నేదు. అందుకని అందరూ నవ్వినట్టే ఉన్నాది.”

చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేసి ఆవిడే అంది. “ఇక్కడ సెప్తే నాకొక్కదానికే ఇనబడతాది. నవ్వినోళ్ళంతా గుడికాడ ఉన్నారు కదా.”

ఆదివారం బల్ల సిద్ధం చేసి తలెత్తితే, ఆవిడ పొరుగావిడ చెయ్యి పట్టుకుని వెనకవరసలో చాప మీద కూర్చుని ఉంది. ఇంకా బల్ల దగ్గరికి రాలేదు. నా కాళ్ళు ఎంత వణికాయంటే ఆమదాలవలసలో రైలు ఆగిపోయి ఉంటుంది. చేతులు కట్టుకుని చెప్పాను. ఎవరి బియ్యాన్ని ఎగతాళి చేశానో, ఎవరికి చూపు లేదని గమనించలేదో, అంతా చెప్పాను. ఎలా ఆపాలో తెలియక మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాను.

“ఇంక సాల్లెండి అయ్యగోరూ,” వెనకనుంచి ఆవిడ గొంతు వినబడింది. “రొట్టి ఎండిపోతాది.”

గుడి నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది ఆవిడే. నవ్వుతూనే లేచి, దారి తడుముకుంటూ ముందుకొచ్చి, నా ఎదుట దోసిలి పట్టింది.