ఎడమచేతి విల్లు

ఎవరి కంటికి, ఎవరి బలానికి తగిన విల్లు వాళ్లకి కొనాలి. విలువిద్యలో అది మొదటి పాఠం. మా ఆయన మాత్రం ఒక్క విల్లుతో తండ్రీకూతుళ్లిద్దరికీ కానిచ్చేద్దామనుకున్నారు, ఇంటికి ఒక టీవీ చాలదా అన్నట్టు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం మనవాళ్లు విమానాల నిండా సింగపూరులో దిగుతున్న రోజులవి. మేము బుకిట్ బటోక్‌లో అద్దె ఫ్లాటులో ఉండేవాళ్లం. మా ఆయన ఆఫీసు సైన్స్ పార్కులో. పొద్దున్న వెళ్తే పిల్ల పడుకున్నాకే రాక. దానితో వారానికి ఒక్కపూటైనా గడపండి మహాప్రభో అని నేను పోరగా పోరగా ఇద్దరూ ఆదివారాలు ఒక క్లబ్బువాళ్ల విలువిద్య క్లాసులో చేరారు.

మా అమ్మాయికప్పుడు పదేళ్లు. పుర్రచేతి వాటం. ఆ ఎడమచెయ్యి ఏం పాపం చేసిందో గానీ, దాన్ని చూస్తే మా ఇంట్లో నాకు తప్ప అందరికీ మంటే. ఎడంచేత్తో ముద్ద కలిపితే మా ఆయన కంచం లాగేసేవారు. మమ్మల్ని చూడ్డానికొచ్చిన అత్తగారైతే ఆ చేతిని వెనక్కి మడిచి పెట్టుకుని తినమనేవారు. నేను అడ్డుపడితే, "రేపు నలుగురిలో ఎడంచేత్తో తింటే పరువేం కావాలి?" అని ఇద్దరూ ఒక్కటయ్యేవారు. పదేళ్ల పిల్ల చేతిలో ఉంటుందా వీళ్ల పరువు!

క్లాసులో మొదటిరోజు పిల్లలందరినీ రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి గురిని చూడమన్నారట. తర్వాత ఒక్కో కన్నూ మూసి చూడాలి. ఏ కంటికి గురి కదలకుండా కనబడితే ఆ కంటివైపు చేత్తో నారి లాగాలి. మా అమ్మాయిది ఎడమకన్ను. క్లబ్బువాళ్లు దానికి ఎడమచేతి విల్లే ఇచ్చారు. తర్వాతి ఆదివారం నేనూ వెళ్లి చూశాను. దాని బాణం వెళ్లి గురికి నడిమధ్యనున్న పసుపు వృత్తంలో దిగింది. ఆ చెయ్యి చేసిన పనికి ఎవరైనా చప్పట్లు కొట్టడం నేను చూడడం అదే మొదలు.

సొంత విల్లు కొనడానికి ముగ్గురం కొట్టుకి వెళ్లాం. మా ఆయన పెద్దవాళ్లు వాడే కుడిచేతి విల్లు ఒకటి ఎంచారు.

"ఇది తీసుకుందాం. పెరిగే పిల్ల కదా, ఇవాళ బరువైనా ఏడాది తిరిగేసరికి సరిపోతుంది. ఇద్దరం షేర్ చేసుకోవచ్చు."

పిల్ల యూనిఫారమూ బూట్లూ అన్నీ ఆ లెక్కనే కొనేవారు. బూట్లయితే ముందు దూది కుక్కుకోవచ్చు. వింటినారికి ఏం కుక్కుతారు?

"అది కుడిచేతిదండీ," అన్నాను.

"అలవాటవుతుందిలేవే. అన్నం తినడం అలవాటు కాలేదూ?"

విల్లు అందుకోవడానికి పిల్ల ఎడమచెయ్యి చాపింది. నాన్న మొహం చూసింది. చటుక్కున ఆ చేతిని గౌనుకి తుడుచుకుని, కుడిచెయ్యి చాపింది. అక్కడ తుడవడానికేముంది? మట్టా మశానమా?

నారి సగం దాకా వచ్చి ఆగిపోయింది. "కెన్ లా, డాడీ. ఐ గెట్ యూజ్డ్," అంది నవ్వుతూ, అక్కడి పిల్లల ఇంగ్లీషులో, చెయ్యగలనులే అని. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

"మీ కన్ను తీసి దాని మొహాన పెడతారా?" అని కొట్టు మధ్యలోనే అరిచాను. "కొంటే దానికి ఎడమచేతిది, అది లాగగలిగినది కొనండి. మీరు క్లబ్బు విల్లుతో వేసుకోండి."

"మెల్లిగా మాట్లాడవే, అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. పరువంతా ఇక్కడే పోనివ్వండి."

ఆయన మొహం ముడుచుకుని, కొట్టావిడని చిన్న ఎడమచేతి విల్లు అడిగారు. పిల్ల దాన్ని అందుకుని నారిని గడ్డం దాకా హాయిగా లాగింది. మెల్లగా వదులు చేసి, విల్లు పట్టుకునే నా పక్కకొచ్చి, నాకొక్కదానికే వినపడేలా అడిగింది.

"అమ్మా, ఇంట్లో కూడా లెఫ్ట్ హ్యాండ్ ఓకేనా?"

"ఇంట్లో కూడానే," అన్నాను, బిల్లు దగ్గర నిలబడ్డ మా ఆయనకి వినపడేటట్టు.