హలో మాస్టారు

ఫోన్ల షాపులో ఆయన్ని అందరూ హలో మాస్టారు అంటారు. ఎవరొచ్చినా ఒక ఫోను వాళ్ళ చేతిలో పెట్టి, ఇంకోదానితో వెనక మెట్ల దాకా వెళ్ళి "హలో, వినబడుతోందా?" అంటాడు. ఏ వీడియో కాల్ యాప్‌లో గొంతు బాగుంటుందో, ఏది ఇంట్లో టీవీకి కలుస్తుందో అలా పోల్చి చూపించడమే పని. షట్టర్ దించేదాకా కూర్చోకూడదు. మోకాళ్ళు పీకుతుంటే ఓసారి ఈ కాలి మీద, ఓసారి ఆ కాలి మీద నిలబడతాడు. ఇంటికెళ్ళాక నోరు పెగలదు. "మాటలన్నీ అక్కడే అమ్మేసి వచ్చారా?" అంటుంది భార్య.

ఆ సాయంత్రం ఓ తల్లీకూతుళ్ళు వచ్చారు. కూతురికి దూరంగా ఉద్యోగం వచ్చింది, ఎల్లుండే ప్రయాణం. అలవాటుగా ఆయన హలో అనగానే ఆ పిల్ల నవ్వేసింది. "మా అమ్మకి చెవులు వినబడవు బాబాయ్. మేం చేతులతో మాట్లాడుకుంటాం. గొంతెలా ఉన్నా సరే, బొమ్మ ఆగకూడదు. ఆగిందంటే మా మాట తెగిపోయినట్టే." తల్లి ముందు బల్ల మీద ఫోను నిలబెట్టి, ఇంకో ఫోను కూతురి చేతికిచ్చి మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. రెండు యాప్‌లలో తల్లి వేళ్ళు అలుక్కుపోయాయి. మూడోదాంట్లో విడివిడిగా, స్పష్టంగా కనిపించాయి. తల్లి ఫోన్లో కూతురి వెనక నిలబడ్డ ఆయన్ని కాసేపు చూసి, గబగబా చేతులు తిప్పింది.

"ఏమంటోందమ్మా? ఇదీ బాలేదా?"

"ఇది బాగుంది బాబాయ్. తమ్ముడికి కాళ్ళు లాగుతున్నట్టున్నాయి, కాస్త కూర్చోమను అంటోంది."

పొద్దుటి నుంచీ ఆయన హలో అన్నవాళ్ళెవరూ ఆ మాట అనలేదు. చేతులతో జవాబెలా చెప్పాలో తెలియక, గోడ పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు. అమ్మకి కనిపించేలా కూతురు ఫోను కిందికి దించింది.