కోటబొమ్మాళి కంప్యూటర్ గుండా వచ్చిన పాటలు

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. కంప్యూటర్లు బాగుచేసుకుని బతికేవాణ్ని. ఏదైనా పని చేయకపోతే వైరు ఊడిందంటాను, చేస్తే వైరు ఉందంటాను. అంతకు మించి నా బుర్రకి ఎక్కదు.

అప్పట్లో మా అక్కకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు కోటబొమ్మాళి నుంచి శ్రీకాకుళం తీసుకెళ్లి డయాలసిస్ చేయించేవాణ్ని. ప్రతిసారీ గంటల తరబడి మంచం మీద కదలకుండా పడుకోవాలి. నెలలు గడిచేకొద్దీ ఆమెకి విసుగొచ్చేసింది. ఒకరోజు ఇంటికొచ్చి, "ఒరే, మరి నన్ను తీసుకెళ్లొద్దు. నావల్ల కాదు," అనేసింది. మానేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

బతిమాలితే చివరికి ఒక్కటే అడిగింది. "అమ్మ పాటలు ఇనిపిస్తావా? అయితే ఒక్కసారి వస్తాను."

మా అమ్మ అంతకు ముందే పోయింది. మా చర్చిలో స్త్రీల సమాజం పాడితే ముందు గొంతు ఆవిడదే. ఎవరో ఆ పాటలు వీడియో తీసి నెట్‌లో పెట్టారు. ఏడుపొస్తుందని అక్క అంతవరకు వాటిని తెరిచి చూడలేదు.

చిక్కేమిటంటే ఆసుపత్రి వైఫైలో వీడియో సైట్లు రాకుండా ఆపేశారు. లోపల ఫోన్ సిగ్నలూ అందదు. అందుకని మా ఇంటి కంప్యూటర్‌ని ప్రాక్సీ సర్వర్‌గా పెట్టాను. అక్క ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ ఏ పేజీ అడిగినా అది నేరుగా వెళ్లదు, మా ఇంటి కంప్యూటర్‌ని అడుగుతుంది. అది తెచ్చి ఇస్తుంది. బజారుకెళ్లే పక్కింటివాళ్లతో కూరగాయలు తెప్పించుకున్నట్టు అన్నమాట.

ముందురోజు ఆసుపత్రికి వెళ్లి సరిచూశాను. బయటికొచ్చి నాన్నకి ఫోన్ చేసి ఇంట్లో కంప్యూటర్ ఆపమంటే వెంటనే ప్రాక్సీ అందడం లేదని వచ్చింది. మళ్లీ వేయమంటే వీడియో ఆడింది. అక్కడ ఉన్నది ఆ ఒక్క దారే.

మర్నాడు అక్కకి సూదులు పెట్టగానే ల్యాప్‌టాప్ ముందుంచాను. అమ్మ గొంతు వినగానే అక్క కళ్లు మూసుకుంది. ఒక పాట అయ్యాక ఇంకొకటి, తనే వెతుక్కుని పెట్టుకుంది. ఎక్కడా ఆగలేదు. కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నా తుడవనివ్వలేదు. అంతా అయ్యాక మంచం దిగుతూ, "గురువారం ఎన్ని గంటలకి బయల్దేరదాం రా?" అని అడిగింది. నేను బయటికెళ్లి గోడకి ఆనుకుని ఏడ్చాను.

ఆ సంతోషంలో నాన్నకి ఫోన్ చేశాను. ఆయన గొంతులో బెంగ.

"పాటలు రాలేదు కదేటి? ఇక్కడ పిడుగులు పడతన్నాయి రా. మీరు ఆటో ఎక్కిన కాసేపటికే ఉరిమింది, అన్నీ పీకీసినాను. కోప్పడకు."

మా వైపు ఉరుము వినబడితే ప్రతి ఇంట్లోనూ టీవీ ప్లగ్గు దగ్గర్నుంచి ఫోన్ వైరు దాకా పీకేస్తారు. మా నాన్న అందులో అందరికంటే ముందుంటాడు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

ఇంటికెళ్లి చూస్తే ప్లగ్గూ, మోడెం వైరూ చుట్టచుట్టి కంప్యూటర్ మీద ఉన్నాయి. మేం బయల్దేరిన కాసేపటి నుంచి వీధి మొత్తానికి కరెంటే లేదని పక్కింటి అత్త చెప్పింది.

నాన్న పొరబడ్డాడేమో అనుకుంటే, అసలు కరెంటే లేదాయె. వీడియోలు ముందే ల్యాప్‌టాప్‌లో దాచి ఉన్నాయేమో అనుకుంటే, నేను ముందురోజు సరిచూసిన ఒక్కటి తప్ప మిగతావన్నీ అక్క అందులో మొదటిసారి తెరిచింది ఆ రోజే. గురువారం ఆసుపత్రి బయటికెళ్లి ఫోన్ చేసి మళ్లీ ప్లగ్గు పీకించాను. ప్రాక్సీ అందడం లేదనే వచ్చింది. పెట్టిస్తే పాట వచ్చింది. సెట్టింగుల్లో ఏ మార్పూ లేదు.

డయాలసిస్ మంచం మీదున్న అక్క ఇదంతా చూసి ఏమైందని అడిగింది. దాచలేక మొత్తం చెప్పేశాను. భయపడుతుందనుకుంటే నవ్వింది.

"నాన్న పీకీసినాడని అమ్మ ఊరుకుంటాదేటిరా?"

ఆ తర్వాత రానని ఎప్పుడూ అనలేదు. ఆ రోజు పాటలు ఏ దారిన వచ్చాయో ఇప్పటికీ నాకు తెలియదు.