గొంగడి కొసన ముడి

ఈ ఏడు తొలకరి పడగానే కల్వకుర్తిలో నేనుండే కిరాయి ఇల్లంతా ఉన్ని వాసన నిండింది. ట్రంకుపెట్టెలో ఎల్లయ్య తాత గొంగడి ఉంది. గాలికి కాస్త తేమ తగిలితే చాలు, గొర్రెల మంద ఇంట్లోకి వచ్చినట్టే ఉంటుంది. ఒకప్పుడు ఆ వాసనకు సిగ్గుపడ్డాను. అప్పుడలా సిగ్గుపడినందుకు ఇప్పటికీ తలెత్తుకోలేకపోతున్నాను.

మర్రిగూడ దగ్గర మా ఊళ్లో తాతది మా పక్కిల్లు. అమ్మానాయినలు కూలికి పోతే, బడి సెలవుల్లో నేను ఆయన గొర్రెల వెంట గుట్టకు పోయేదాన్ని. ఆ నేలలోని ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి ఆయన కాళ్లు వంకరపోయాయి. అయినా గుట్ట ఎక్కడంలో నేను ఏనాడూ ఆయనను దాటలేదు. పరుగెత్తి సగంలోనే కూలబడేదాన్ని. ఆయన అదే నడకతో నా పక్కనుంచి పోతూ, "ఊపిరి ఎంత ఇస్తదో గంతనే అడుగెయ్యాలె బిడ్డా. గుట్ట యాడికి పోదు" అనేవాడు.

డిగ్రీ చదువుతుండగా ఆఫ్రికాలోని కిలిమంజారో ఎక్కే జట్టులో నాకు చోటు దొరికింది. ఎనిమిది మందిమి. నేను తప్ప అందరూ పట్నం పిల్లలే. బయల్దేరే ముందు తాత తన గొంగడిని మడతపెట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆయనకున్నది అదొక్కటే. మంచులో పండాలంటివి గదా, కప్పుకోమన్నాడు. హైదరాబాదులో సామాన్లు సర్దుకుంటుంటే, నా గుడారంలోనే ఉండాల్సిన స్వాతి ముక్కు మూసుకుని ఈ వాసన ఎక్కడిదని అడిగింది. నాకేమీ రావడం లేదన్నాను. ఆమె అటు వెళ్లగానే గొంగడిని హాస్టల్ పెట్టెలో పడేసి తాళం వేశాను.

కొండ మీద మా దారి చూపే ఆయన మొదటి రోజు నుంచీ "పోలె పోలె" అంటూనే ఉన్నాడు. వాళ్ల భాషలో నిమ్మళంగా అని అర్థం. మావాళ్లకు అది కొత్త పాఠం. తొందరపడిన ఇద్దరు వాంతులతో మధ్యలోనే దిగిపోయారు. నేను తాత నడకే నడిచాను. చివరి మజిలీలో స్వాతికి వణుకు ఆగలేదు. ఉన్న బట్టలన్నీ ఆమెకు కప్పాం. ఇంకొక్క దుప్పటి ఉంటే బాగుండేదని ఆమె గొణిగింది. నేను ఆమె అరచేతులు రుద్దుతూ కూర్చున్నాను. ఆమె అక్కడి నుంచే వెనుదిరిగింది, నేను శిఖరం చేరాను. ఫొటోలో నవ్వుతూనే ఉన్నాను.

ఊరికి రాగానే గొంగడి తిరిగిచ్చాను. "గిది లేకుంటే సలికి సచ్చేదాన్ని తాతా. పైదాక కప్పుకునే పోయిన" అన్నాను, ఆయన అడగకముందే. తాత గొంగడిని తడుముతూ ఒక కొస దగ్గర ఆగాడు. అక్కడ పిడికిలంత ముడి. మంద వెంట పోయేవాళ్లు దారిలో ఆకలికని గొంగడి కొసన ఇంత తిండి కట్టుకుంటారు. నాకోసం పుట్నాలు, బెల్లం కట్టాడట. విప్పి చూశాడు. బెల్లం కరిగి ఉన్నికి అంటుకుంది, పుట్నాలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఒక్కసారి కప్పుకున్నా ఆ ముడి చేతికి తగిలేది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నా మొహం చూడలేదు. మళ్లీ ముడివేసి, "మంచిగ తిరిగొచ్చినవ్. గంతే సాలు" అన్నాడు.

ఆ సాయంత్రం బడి దగ్గర నాకు సన్మానం చేశారు. నీ గొంగడి కూడా విమానం ఎక్కిందా అని ఎవరో తాతను ఆటపట్టించారు. ఆయన కర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు. "ఎక్కింది. పిల్ల పైదాక కప్పుకునే పోయింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఏనాడూ అబద్ధమాడని మనిషి నాకోసం ఊరందరి ముందు ఆడాడు. మైకు నా చేతిలోనే ఉంది. నేను నోరు విప్పలేదు.

తాత పోయాక ఆయన కోడలు గొంగడి తెచ్చిచ్చింది, నాకే ఇమ్మన్నాడట. ఆ ముడి నేను ఇప్పటికీ విప్పలేదు.

ఇవాళ వాన వెలిశాక దాన్ని వసారాలో ఆరేశాను. చదువుకోవడానికి వచ్చిన పిల్లల్లో ఒకమ్మాయి గోడమీది శిఖరం ఫొటోను, గొంగడిని మార్చి మార్చి చూసింది. "గిది గూడ ఆడికి పోయిందా టీచర్?" అని అడిగింది.

"పోలే. నేనే తీస్కపోలే" అన్నాను.

ఈ రెండు మాటలు తాతకు చెప్పాల్సింది.