అబద్ధపు కేకకూ వచ్చిన సారు

సారు పోయారని ఫోన్లో వాళ్ళావిడ చెబితే, నా ఎత్తు నాకే వేస్తున్నారనుకున్నాను. "సార్‌కు ఇయ్యమ్మా, పరాచికం గాదు, పెయ్యకు నిజంగనే జరం" అన్నాను. ఆమె వెనక ఎవరో ఏడుస్తున్నారు. అప్పుడు నమ్మాను.

ఆయన మా శామీర్‌పేట వైపు పాడి ఉన్న ఇళ్ళకు పశువుల డాక్టరు. అల్వాల్ నుంచి స్కూటరు మీద వచ్చేవారు. నేను ఏడో తరగతి తప్పి, ఊరందరినీ ఏడిపించడంలో మాత్రం పాసైనవాణ్ణి. ఓసారి ఆవు పడిపోయిందని ఫోన్ చేశాను. మిట్టమధ్యాహ్నం ఆయన వచ్చేసరికి ఆవు నెమరేస్తోంది. తిట్టలేదు. చాయ్ తాగుతూ పాఠం చెప్పారు. పిడుదు కుడితే ఆవు ఒంట్లోకి దిగే పురుగు ఒకటుందట. ఒంటికి కాపలా కాసే తెల్ల కణంలోనే దూరి కూర్చుంటుందట.

"లోపల కూసొని, దుష్మన్ వచ్చిండని వట్టి కేక పెడ్తది. కావలోడు నమ్మి ఒకడు ఇద్దరైతడు, ఇద్దరు నలుగురైతరు. ఆళ్ళతోని పురుగు గూడ పెరుగుతది. సావాల్సిన కణం గూడ సావదు. అచ్చం నీ ఫోన్ లెక్కనే రా."

మూడు నెలలకు ఆవుకు నిజంగానే ఆ పురుగు పట్టి, జబ్బ ముందర గడ్డలా బిళ్ళ కట్టింది. మా దగ్గర బిళ్ళ కడితే కొడవలి కాల్చి వాత పెడతారు. నేనూ పెట్టి మూడు రోజులు చూశాను. అప్పుడు గాని ఫోన్ చేయలేదు. చేసినా రారనుకున్నాను. గంటలో వచ్చారు.

"అబద్ధమైతే మంచిగుండు అనుకుంట వచ్చిన" అన్నారు. వాత చూసి, "గిది పెడితే నిమ్మళం నీకు, ఆవుకు గాదు" అన్నారు.

బిళ్ళలో సూది గుచ్చి, వచ్చిన చుక్కను గాజుపలక మీద పులిమి, ఎప్పటిలాగే స్కూటరు సీటు మీద ఆరబెట్టారు. సూదిమందు వేశారు. ఆలస్యమైపోయింది. తెల్లారి ఆవు పోయింది. తర్వాత, రంగేసి సూక్ష్మదర్శినిలో చూసిన ఆ గాజుపలక నాకిచ్చారు, వాత పెట్టబుద్ధైనప్పుడు చూసుకొమ్మని.

ఇప్పుడు దాని పెయ్యకు అదే చోట బిళ్ళ. ఈసారి కొడవలి ముట్టలేదు. పొద్దున్నే సారుకు ఫోన్ చేశాను, నిజమే చెప్పాను. మేడ్చల్ నుంచి వేరే డాక్టరు ఎల్లుండి వస్తానన్నాడు. ఎల్లుండి దాకా ఆగే జబ్బు కాదని నాకు నేర్పిన మనిషి లేడు.

గాజుపలకను ఎండకు ఎత్తి చూశాను. ఊదారంగు మరక. అందులో ఎవరు కావలివాడో, ఎవరు దొంగో చదవడం నాకు రాదు. వెనక పెయ్య గడ్డి ముట్టడం లేదు. రోడ్డు మీద స్కూటరు పోయినప్పుడల్లా చెవులు మాత్రం లేపుతోంది.